మోగని మెట్టు

మా సైదులు మామకు పాట రాదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఆయనకు ఆయనే అనుకున్నాడు, అరవై మూడేళ్ల వయసులో, కుడి చెయ్యి పడిపోయిన రెండేళ్లకు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. నన్ను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగాడు.

నేను జాకెట్లు కుట్టేదాన్ని. వేములపల్లిలో మా ఇంటి ముందు గదిలో నా మిషను ఉంటుంది, వెనక గదిలో మామ ఉంటాడు. మా అత్త చనిపోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, అమ్మ తన తమ్ముణ్ణి మా ఇంటికే తెచ్చుకుంది. తర్వాత అమ్మ కూడా వెళ్లిపోయింది. నాకు మామ, మామతో పాటు ఆయన పెట్టె మిగిలాయి. పెట్టె అంటే హార్మోనియం. మా దిక్కు దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. నాకు సంగీతం మీద మోజేమీ లేదని ముందే చెబుతున్నాను. పదిమందికి అన్నం వండిన గిన్నె ఎంత బరువుంటుందో ఆ పెట్టె అంత బరువుంటుంది, మోసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

మామ తండ్రికి గొర్రెలుండేవి. పన్నెండేళ్లప్పుడు మామ ఆ మందను కాలువ గట్టు మీద మేపుతూ మిర్యాలగూడ దాకా పోయేవాడట. అక్కడ దామోదర్ సారు అని ఒక బడిపంతులు శనివారం శనివారం భజన చేయించేవాడు. గొర్రెల కాపరి పిల్లవాడు వారం వారం గోడ బయట నిలబడటం చూసి, "మందను తోలేసి రాపో, నేర్పిస్త" అన్నాడట. పదేళ్లు నేర్పాడు. పైసా తీసుకోలేదు, పైగా అన్నం పెట్టాడు. మామకు సంబంధించినంతవరకు దేవుడంటే ఆ సారే. గుళ్లో ఉన్నవాడి లెక్క ఆ తర్వాత.

దామోదర్ సారు తన జీవితం మొత్తంలో ఒకే ఒక్క పాట కట్టాడు. భజన అంతా అయ్యాక దేవుణ్ణి పడుకోబెట్టే పవళింపు పాట. మందలు ఇల్లు చేరాయి, దీపం సన్నబడింది, ఇక పవళించవయ్యా అని ఉంటుంది. మందలు అన్న మాట మామను చూసే పెట్టాడని మా అమ్మ చెప్పేది. మామ సొంతంగా ఊళ్లకు వెళ్లి భజన నేర్పడం మొదలుపెట్టినప్పుడు సారు తన పాత పెట్టె ఇచ్చి, "నడుమ ఒక మెట్టు మోగదు సైదులూ. పట్నం పోయినప్పుడు బాగు చేయించుకో" అన్నాడు. అదే ఆయన చివరి పాఠం. ఆ మరుసటి ఏడే పోయాడు.

మామ బాగు చేయించలేదు. పెట్టెను పట్నంలో ఇస్తే పది రోజులు పడుతుంది, ఇక్కడేమో ఒక ఊళ్లో నలభై రోజుల నేర్పుడు అయిపోకముందే ఇంకో ఊరివాళ్లు వచ్చి గడపలో కూర్చునేవారు. మోగని మెట్టు మీది నుంచి వేలు దూకడం నేర్చుకుంది. వేలు నేర్చుకున్నది గొంతు నేర్చుకుంది. గొంతు నేర్చుకున్నది నోటుబుక్కుల్లోకి ఎక్కింది. త్రిపురారం నుంచి కోదాడ దాకా ఇరవై ఏడు ఊళ్లలో దామోదర్ సారు పాటను ఒక మెట్టు తక్కువగా నేర్పాడు మామ. తక్కువైందని ఆయనకే గుర్తు లేకుండా పోయింది.

మామకు అరవై ఒకటో ఏట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి వేలాడిపోయింది, కుడి కాలు ఈడ్చుకుపోతుంది. ఎడమ చేత్తో తిత్తి కొట్టగలడు గానీ మెట్లు నొక్కే చెయ్యే లేదు. శిష్యులు మొదట్లో పండ్లు పట్టుకుని వచ్చేవాళ్లు, తర్వాత ఫోన్లు చేసేవాళ్లు, ఆ తర్వాత అదీ లేదు. వాళ్లను నేను తప్పుపట్టను. వచ్చినా ఏం మాట్లాడతారు? ఆయన మాత్రం రోజూ పెట్టె మీది దుమ్ము తుడిచి, "నేను సచ్చినా సారు పాట ఊళ్లల్ల ఉంటది బిడ్డా. గంతే మస్తు" అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకునే బతికాడు.

ఆ మాట కూడా ఒకరోజు పోయింది. సూర్యాపేటలో ఉండే దామోదర్ సారు మనవరాలు ప్రత్యూష, ఇల్లు సర్దుతుంటే తాతగారి క్యాసెట్ ఒకటి దొరికిందని, దాన్ని ఫోన్లోకి ఎక్కించి నాకు వాట్సాప్ చేసింది. కింద ఒక మాట రాసింది: మా తాత పాటను ఇన్నేళ్లు బతికించింది మీరే, సైదులు తాతా, మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. నేను చదివి వినిపించి, పాట పెట్టాను.

క్యాసెట్టు పాతది, సగం బరబర. అయినా సారు గొంతు వినపడగానే మామ కళ్ల నిండా నీళ్లు. "మళ్ల పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి 'పవళించవయ్యా' దగ్గర చెయ్యెత్తి ఆపాడు. ఆ చోట సారు రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు వచ్చి, అక్కడ కాసేపు ఆగి, అప్పుడు పైకి వెళ్తున్నాడు. మామ నేర్పినదాంట్లో ఆ ఆగడం లేదు. రెండు నుంచి నాలుగుకు ఒకటే గెంతు. మామ వంగి పెట్టె దగ్గరికి లాక్కుని, తిత్తిని మోకాలితో నొక్కిపట్టి, ఎడమ చేతి వేలితో ఆ మెట్టు నొక్కాడు. గాలి బుస్సుమంది తప్ప ఏమీ రాలేదు.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు కోపం వచ్చింది. "ఒక్క మెట్టు మామా! ఆస్తి పోయినట్టు చేస్తున్నవేంది?" అన్నాను.

"ఒక్క మెట్టు గాదు నాగీ, సారు పాటంత ఆడనే ఉన్నది. దేవుణ్ణి పండవెట్టంగ జర ఆగి జోకొట్టే చోటు గది. నేను ఆడ జోకొట్టకుంట ఎగిరి దాటిన. బాగు చేయించుకొమ్మని ఆయన నోటితోనే చెప్పిండు, ఇనలే."

"ఫోన్ల ఉన్నది గద. అందరికి పంపుత."

"ఫోన్ల ఉన్నది ఇంటరు. నోట్ల ఉన్నది పాడుతరు." పెట్టె మీద చెయ్యి వేసి అన్నాడు: "నేను పోయేలోపు ఒక్క ఊళ్లనన్న ఈ పాట సక్కగ పాడించాలె. ఒక్క ఊరు సాలు. గది కాకుంటే సారు ముంగట ఏ మొకం వెట్టుకోని నిలవడుత?"

చనిపోయినవాళ్ల ముందు ఎవరు ఎక్కడ నిలబడతారో నాకు తెలియదు. కానీ ఆయన అడిగిన తీరు చూశాక కాదనలేకపోయాను. వేములపల్లిలో మామ దగ్గర నేర్చుకున్న వాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి త్రిపురారంతో మొదలుపెట్టాం. బస్సులో ఆడదాన్ని కాబట్టి నాకు ఉచితంగా జీరో టికెట్, మామకు టికెట్, పెట్టెకు లగేజీ కొట్టాలా వద్దా అని కండక్టర్‌కు అనుమానం. మామను ఎక్కించడానికి ఒకరు పైనుంచి లాగాలి, ఒకరు కిందినుంచి తొయ్యాలి. ఎక్కిన ప్రతిసారీ ఆయన సిగ్గుతో తల దించుకునేవాడు.

త్రిపురారంలో భజన మండలికి ఇప్పుడు మహేష్ పెద్ద. మామ దగ్గర నేర్చుకున్నవాడి కొడుకు. కుర్చీ వేశాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు, మర్యాదకు ఏ లోటూ చేయలేదు. మామ వచ్చిన పని చెప్పగానే ఫోన్ తీసి చూపించాడు. పవళింపు పాటను వాళ్లు రెండేళ్ల కిందటే తబలా, కీబోర్డు పెట్టి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టారు. పైన మామ ఫోటో. కింద 'మా గురువు సైదులు గారి పాట' అని రాసి ఉంది. దామోదర్ సారు పేరు ఎక్కడా లేదు.

"లక్ష మంది ఇన్నరు పెదనాయినా" అన్నాడు మహేష్ సంబరంగా. "ఇప్పుడు మేం గుళ్లె స్పీకర్ల గిదే పెడుతం. నువ్వు చెప్పినట్టు మార్చి పాడితే, మేమే తప్పు పాడుతున్నమని అంటరు జనం."

మామ ఆ ఫోటో వంక చాలాసేపు చూశాడు. "నా పేరన్న తీసెయ్యి బిడ్డా" అన్నాడు చివరికి. మహేష్ దాన్ని వినయం అనుకుని నవ్వాడు, తీయలేదు.

పది రోజుల తర్వాత సూర్యాపేట. అక్కడ ప్రేమ్‌కుమార్ అని, మామ శిష్యుల్లో అందరికంటే తెలివైనవాడు. మార్కెట్ దగ్గర ఒక షట్టర్ కిరాయికి తీసుకుని పిల్లలకు కీబోర్డు నేర్పుతాడు. మామను చూడగానే కాళ్లకు మొక్కాడు. ఫోన్లో సారు గొంతు విని, ఒక్క నిమిషంలో పట్టేశాడు. "అవును సార్, ఇక్కడ గాంధారం ఉండాలె. దీంతోనే పాటకు అందం" అని వెంటనే వాయించాడు కూడా. మామ మొహంలో నెలరోజుల తర్వాత మొదటిసారి రక్తం కనిపించింది. ఆ సాయంత్రం వాళ్ల వాడలో భజన ఉందంటే ఉండిపోయాం.

భజనకు నలభై మంది ఆడవాళ్లు వచ్చారు. ప్రేమ్‌కుమార్ ముందే అందరికీ చెప్పాడు, రెండుసార్లు పాడి వినిపించాడు, సరే సరే అని వాళ్లూ తలలూపారు. పాట మొదలైంది. 'పవళించవయ్యా' దగ్గరికి వచ్చేసరికి నలభై గొంతులు పాత అలవాటున గెంతి అవతలికి వెళ్లిపోయాయి. ప్రేమ్‌కుమార్ ఒక్కడు ఆ మెట్టు మీద ఆగి, వెనకబడి, తాళం తప్పి, గాభరాగా పరుగెత్తి వాళ్లను అందుకున్నాడు. రెండో చరణంలోనూ అంతే. మూడో చరణానికి అతని వేళ్లు కూడా గెంతేశాయి. పాట అయ్యాక ఒక ముసలావిడ, "ఇయ్యాల పంతులుకు ఒంట్లె బాగలేనట్టుంది, పాట తప్పిండు" అని పక్కావిడతో అంటుంటే మేమిద్దరం విన్నాం.

ప్రేమ్‌కుమార్ బస్టాండ్ దాకా వచ్చాడు. "ఓపిక పడితే మారుతది సార్" అన్నాడు.

"ఎన్నేండ్లు వడుతది?" అని అడిగాడు మామ.

ప్రేమ్‌కుమార్ వంగి పెట్టెను బస్సులోకి ఎక్కించాడు. అబద్ధమాడనందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఇక చాలు మామా అన్నాను నేను. నాకు పెళ్లిళ్ల సీజన్, పన్నెండు జాకెట్లు అర్జంటువి మిషను మీదే ఉన్నాయి. పైగా ఆ తిరుగుడుకు ఆయన కాలు వాచిపోయింది, మాట కూడా కొంచెం ముద్దగా వస్తోంది. పక్షవాతం ఇంకోసారి వస్తే కష్టమని డాక్టర్ అన్నాడు. మామ అంతా విని, "కోదాడ ఒక్కటి" అన్నాడు. "గాడ ఈశ్వరమ్మ ఉన్నది. ఆమె నేను చెప్పినదాన్ల ఒక్క అక్షరం ఎన్నడు పొల్లు పోనియ్యలే. ఆమె కాదనది."

ఈశ్వరమ్మ గారిది భూములున్న కుటుంబం. ఇరవై ఎనిమిదేళ్లకు భర్త పోతే, కోడలు పిచ్చిదైపోతుందేమోనని భయపడి ఆమె మామగారే కొత్త పెట్టె కొనిచ్చి, మా మామను పిలిపించాడట. గురువారం గురువారం బస్సెక్కి వెళ్లి, వీధి తలుపు బార్లా తీసిపెట్టిన ముందు గదిలో, మూడేళ్లు నేర్పాడు మామ. తలుపు తీసి ఉంచాలన్నది ఆ పెద్దాయన షరతు. తర్వాత ఆమె తన వాడలో ఆడవాళ్లందరికీ తనే నేర్పి, గుడిలో భజన నడుపుతోంది. ఇప్పుడు డెబ్బైకి దగ్గర్లో ఉంది. ఇంట్లో ఆమె ఒక్కతే.

మమ్మల్ని చూసి ఆమె గడప దిగి వచ్చింది. "ఇంత దూరం ఎందుకొచ్చారు సారూ? కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా" అంటూ మామ పడిపోయిన చేతిని తన భుజం మీద వేసుకుని లోపలికి నడిపించింది. నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. మామ తిన్నాననిపించి, వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టాడు. క్యాసెట్టు, మోగని మెట్టు, త్రిపురారం, సూర్యాపేట, అన్నీ చెప్పాడు. తప్పు నాదే అని నాలుగుసార్లు అన్నాడు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోన్లో పాట పెట్టబోతే వద్దని చేత్తో వారించి, తన పెట్టె తెరిచి, వాయించింది.

'పవళించవయ్యా' దగ్గర ఆమె వేలు మూడో మెట్టు మీదకు వచ్చి, ఆగింది. క్యాసెట్టులో సారు ఎంతసేపు ఆగాడో అంతసేపూ ఆగింది. తర్వాతే పైకి వెళ్లింది.

మామ ఆమె వేలునే చూస్తున్నాడు. "గిది... గిది నీకెట్ల ఎరుక?"

"నా పెట్టెలో ఆ మెట్టు మోగుతుంది కదా సారూ. మీరు ఈ పాట నేర్పి వెళ్లిన రోజు రాత్రి ఒక్కదాన్నే వాయించుకుంటుంటే వేలు దానంతటదే వెళ్లి అక్కడ ఆగింది. ఇదే అసలు వరస అని అప్పుడే తెలిసిపోయింది."

"మరి నాకు జెప్పలే?"

"ఎలా చెప్తాను?" ఆమె పెట్టె మీద నుంచి చూపు ఎత్తలేదు. "ఆ గురువారం కోసం వారమంతా బతికేదాన్ని. చెప్తే చిన్నబుచ్చుకుని మీరు రావడం మానేస్తారేమోనని భయం. ఆ తర్వాత భయం పోయింది, కానీ చెప్పబుద్ధి కాలేదు. చచ్చిపోదామనుకున్న దానికి పాట ఇచ్చినవాళ్లు మీరు. గుళ్లో మీరు నేర్పినట్టే వాయిస్తాను. ఇంట్లో తలుపులేసుకుని ఇలా వాయించుకుంటాను. ముప్పై ఏళ్లకు పైనే అయింది."

"ఎవలికన్న నేర్పినవా?"

"మీది అందరికీ నేర్పాను. ఇది ఎవరికీ నేర్పలేదు. నేర్పితే మీది తప్పని చెప్పినట్టే కదా."

నాకు ఒళ్లు మండింది. ఇంత తిరిగితే ఆ పాట సరిగ్గా బతికున్న చోటు ఇదొక్కటే, దానికి ఈవిడ మర్యాద పేరుతో తాళం వేసి కూర్చుంది. నేనేదో అనబోయేంతలో మామ ముందుకు వంగాడు.

"ఇప్పుడు నేర్పమ్మా. మా సారు తప్పు నేర్పిండని జెప్పి నేర్పు. నేనే జెప్తున్న గద!"

"చెప్పను సారూ."

"నా మాట ఇనవా?"

"ఇన్నేళ్లూ మీ మాటే విన్నాను. ఇదొక్కటి అడక్కండి."

"పేరు చెప్పకుండానే నేర్పండమ్మా" అన్నాను నేను ఉండబట్టలేక.

ఆమె నా వైపు తిరిగింది. "అరవై మందిమి. ఎందుకు మార్చావని అడుగుతారు. ఏం చెప్పమంటావు? నువ్వే చెప్పు." ఆమె పెట్టె తిత్తి మూసేసింది. "మా సారు తప్పు అన్న మాట నా నోటితో అనను. ఆయన ఉన్నప్పుడూ అనను, పోయాకా అనను."

మామ ఎడమ చేతిని కుడి మణికట్టు కిందికి పోనిచ్చి, ఆ చేతిని ఎత్తి గుండెలకు ఆనించాడు. దానికి ఎడమ అరచెయ్యి ఆనించి, తల వంచాడు. చెయ్యి పడిపోయాక ఆయన దండం పెట్టడం నేను చూడలేదు, గుడికి వెళ్లినా తల మాత్రమే వంచేవాడు. ఈశ్వరమ్మ గారు గాభరాగా లేచి నిలబడింది. "అయ్యయ్యో, మీరు నాకు పెట్టడమేంటి సారూ! దించండి, దించండి" అని ఏడ్చేసింది. ఏడుస్తూనే కాదని తల అడ్డంగా ఊపింది.

ఒక్క ఊరు చాలన్నాడు, ఆ ఒక్క ఊరూ దక్కలేదు. ఈమే కాదన్నాక ఇక అడగడానికి ఇంకో ఊరు లేదు, అడిగే ఓపిక ఆ ఒంట్లోనూ లేదు. ఆ సంగతి మామకు అర్థమైందని ఆయన భుజాలు జారడం చూసి తెలుసుకున్నాను. చేతులు మాత్రం దించలేదు.

"సరే తల్లీ" అన్నాడు చివరికి. "మా సారు పాటను సంపిన అనుకున్న. నీ తాన పాణంతోనే ఉన్నది. నాకు ఎరుక లేకుంట ఇన్నేండ్లు సాదినవ్." తలతో ఆమె పెట్టెను చూపించాడు. "ఇంకొక్కపారి వాయించు. తలుపేసుకోనే వాయించు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని పెట్టె ముందు కూర్చుంది. మామ ఆ దండంతోనే ఉన్నాడు, ఇప్పుడది బతిమాలడం కాదు. నేను లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టాను.